ముక్క బయటపడనివ్వని రాసమ్మ

మలేసియాలోని హుటాన్ మెలింటాంగ్‌లో చేపల జెట్టీ వెనక సందులో మామిడిపిందె రంగు ఇల్లు ఒకటుంది. ఆ రంగు ఇంటాయన అప్పడికి బొత్తిగా నచ్చదు. నీలం వేయిద్దామని ఆయన గొంతు చించుకున్నాడు. భార్య రాసమ్మ గొంతు చించుకోలేదు. పేకముక్కలు తెచ్చి చాప మీద పెట్టింది. కాసేపటికి ఆయన ముందున్న చింతపిక్కలన్నీ ఆమె ముందుకు చేరాయి, ఆ వారంలోనే ఇంటికి పిందె రంగు పడింది. ఇప్పటికీ అప్పడు సందులోకి రాగానే గోడల వంక చూడకుండా నేల చూపులు చూస్తూ లోపలికి పోతాడు.

ఆ ఇంట్లో చట్టమే అది. మొగుడూ పెళ్లాల మధ్య తెగని పేచీ వస్తే పేక తెగ్గొడుతుంది. కూతుర్ని ఏ బడిలో వెయ్యాలి, పాత మోటారుబైకు అమ్మాలా ఉంచాలా, అప్పడి మేనత్తతో మళ్లీ మాటలు కలపాలా వద్దా, అన్నీ ఆ చాప మీదే తేలాయి. ఓడినవాళ్లు మళ్లీ ఆ ఊసెత్తకూడదు. డబ్బు పందేన్ని మాత్రం రాసమ్మ గడప తొక్కనివ్వదు. పులుసు పిండగా మిగిలిన చింతపిక్కలను కడిగి, ఎండబెట్టి, పాలపొడి డబ్బాలో పోసి ఉంచింది. ఆ ఇంటి ఖజానా అదే.

నిజానికి ఈ ఆట ఆమెకు నేర్పింది అప్పడే. పెళ్లికి ముందు ఆయన పోర్ట్ క్లాంగ్ రేవులో బస్తాలు మోసేవాడు. ఓడల మీద వచ్చిన వాళ్ల దగ్గర పోకర్ నేర్చుకున్నాడు. చేతికి అయిదు ముక్కలు పంచుతారు. నచ్చనివి ఒక్కసారి మార్చుకోవచ్చు. ముందో పందెం, మార్చుకున్నాక ఇంకో పందెం. మంచి ముక్కలు పడితే పిక్కలు తోస్తావు. పడకపోయినా పడ్డట్టే తోసి ఎదుటివాణ్ణి బెదరగొట్టనూవచ్చు. బెదిరినవాడు ముక్కలు కింద పడేస్తాడు, బెదరనివాడు నువ్వు తోసినన్ని పిక్కలూ తోసి చూపించమంటాడు. అంతే ఆట. కొత్త కాపురంలో వానపడే ఓ మధ్యాహ్నం అప్పడు ఇదంతా అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు భార్యకు చెప్పాడు. ఆ పూట ఆయనే గెలిచాడు. ఆ తరవాత గెలవడం మర్చిపోయాడు.

ఎందుకు గెలవడో సందులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అప్పడిది ఉన్నదున్నట్టు చెప్పేసే మొహం. రెండు ఆసులు పడితే చాలు, లుంగీ సర్దుకుని వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటాడు. ముక్కలు పాడైతే పంచినవాళ్ల మీద విరుచుకుపడతాడు. పది పిక్కలు పోతే వాటిని ఈ ఆటలోనే రాబట్టాలని ఇంకో ఇరవై పోస్తాడు. అదేం విచిత్రమో, చేపలు పట్టే తన పడవ మీద ఈ మనిషే వేరు. నదీ ముఖం దగ్గర ఇంజిను ఆగిపోయి, ఆటు పోటు నీరు పడవను ఇసుకమేటల మీదకి తోసేస్తుంటే, బీడీ ఆర్పి చెవిలో పెట్టుకుని నింపాదిగా ఇంజిను మూత విప్పుతాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. అప్పడు రచ్చ మాత్రమే గెలిచిన బాపతు.

"కోపమొచ్చినోడు లెగిసి మొకం కడుక్కుని రావాల," అనేది రాసమ్మ. అది కూడా చట్టమే. ఆయన గొణుక్కుంటూ పెరట్లో కుండ దగ్గరికి పోయి మొహం మీద నీళ్లు కొట్టుకుని వచ్చేవాడు. వచ్చి కూర్చుని మళ్లీ ఓడిపోయేవాడు.

"పోయిన పిక్క నీది కాదు. నీ ముందరున్నదే నీది," అని ఆమె ఓపిగ్గా చెప్పేది. "సేతిలో ముక్కలు సూసి ఆడు. ఇందాకటి ఆట సూసి ఆడకు. ముక్క బాగునేకపోతే సిగ్గు పడకుండా పడెయ్. పడేసినోడు ఓడిపోనేదు."

చెప్పడమే కాదు, అలాగే ఆడేది. సగానికి పైగా ఆటల్లో ముక్కలు చూసి, మారు మాట లేకుండా కింద పెట్టేసేది. చేతిలో రాణులు మూడున్నా, ఒక్కటీ కలవని చెత్త ఉన్నా మొహం మాత్రం ఒకటే. కూర ఉప్పు చూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలాగే. అప్పడు ఆ మొహాన్ని నలభై ఏళ్లుగా చదువుతున్నాడు. చదువు మాత్రం రాలేదు.

ఆ మొహం రాసమ్మకు ఊరికే రాలేదు. బాగాన్ డాటో వైపు కొబ్బరితోటలో పుట్టింది. ముత్తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీల కుటుంబం. తల్లి చిన్నతల్లి కొబ్బరికాయలు ఒలిచే పనికి పోయేది, బడి లేని రోజుల్లో పిల్ల కూడా వెంట వెళ్లేది. పొద్దున్నే హాజరు పిలిచే మేస్త్రీ ఒకడుండేవాడు. మనుషుల్ని నలుగురిలో తిట్టడం వాడికి కాఫీ తాగినంత అవసరం. ఒకనాడు చిన్నతల్లిని ఆలస్యమైందని నోటికొచ్చినట్టు తిట్టాడు. పక్కన నిలబడ్డ రాసమ్మ బావురుమంది. వాడు నవ్వాడు. మర్నాడు ఆలస్యం కాకపోయినా తిట్టాడు, పిల్ల వంక చూస్తూ.

ఆ సాయంత్రం చిన్నతల్లి కూతురికి తల దువ్వుతూ చెప్పింది. "సూడే, ఆడికి నీ ఏడుపు కావాల. ఇయ్యకు. ఇంట్లోకొచ్చినాక నాకియ్యి."

రాసమ్మ ఆ తరవాత వాడికి ఇవ్వలేదు. వాడు కొన్నాళ్లు తిట్టి, రుచి లేక మానుకున్నాడు. మంచిదే. కానీ అలవాటు అనేది తడిచీరలా తీసి దండెం మీద వేసేది కాదు కదా. చిన్నతల్లి పోయింది. ఇంట్లోకొచ్చాక ఇవ్వడానికి మనిషి లేకుండా పోయింది. అమ్మ శవం దగ్గర కూడా రాసమ్మ వచ్చినవాళ్లకు టీలు అందిస్తూ తిరిగింది. జెట్టీలో తను రొయ్యలు ఒలిచే షెడ్డులో ఆడవాళ్లు ఆమెను వెనకాల రాయి అన్నారు. అనే నోళ్లకేం, రొయ్య ఒలిచినంత తేలిక. అదే షెడ్డులో తంగం అనే పిల్లకు పురుడు కష్టమైతే, రాసమ్మ రోజూ పని దిగగానే ఆమె ఇంటికి పోయి వండిపెట్టి వచ్చేది. ఆ సంగతి ఎవరూ చెప్పుకోలేదు, ఎందుకంటే రాసమ్మ చెప్పలేదు.

అప్పడికి ఈ మొహం మీద ఒక పాత ఫిర్యాదు ఉంది. బయటికి అనడు గానీ లోపల ఉంది. జెట్టీలో మిగతా పడవలవాళ్ల భార్యలు గాలివాన వస్తే ఒడ్డుకొచ్చి నిలబడతారు, దేవుళ్లకు మొక్కుతారు, మొగుడు దిగగానే ముందు తిట్టి తరవాత ఏడుస్తారు. రాసమ్మ రాదు. ఎంత గాలిలోంచి బయటపడి వచ్చినా, "వొచ్చినావా, కాళ్లు కడుక్కో," అంటుంది. తన కోసం ఈ మనిషికి ఒక్కసారైనా గుండె జారిందా? అరవై దాటినా అప్పడికి తేలని లెక్క అదొక్కటే. అడగడానికి సిగ్గు. ఈ వయసులో మొగవాడు పెళ్లాన్ని అడిగే మాటా అది?

ఇలా ఉండగా ఒకనాడు పొద్దున్న నదీ ముఖం దగ్గర వల లాగుతున్న అప్పడికి కళ్లు తిరిగాయి. పడవలోనే వెనక్కి పడిపోయాడు. ఇంజిను తిరుగుతూనే ఉంది. పాక్ హరున్ అనే పక్క పడవాయన, మనిషి కనబడని పడవ ఒకటి నీళ్ల మీద గిరగిరా తిరుగుతుంటే చూసి, దగ్గరకు వచ్చి, అడుగున పడివున్న అప్పణ్ణి లేపి, పడవను తాడు కట్టి లాక్కొచ్చాడు. జెట్టీ అంతా పోగైంది. రాసమ్మ షెడ్డులోంచి వచ్చింది. జనం దారి ఇచ్చారు. మొగుణ్ణి తల నుంచి కాళ్ల దాకా చూసింది.

"లుంగీ తడిసిపోనాది. ఇంటికొచ్చి మార్సుకో," అంది.

అప్పడికి కళ్లు తిరిగినందుకు అంత బాధ లేదు గానీ ఆ మాటకు చచ్చేంత బాధ కలిగింది. క్లినిక్కులో డాక్టరమ్మ రక్తపోటు ఎక్కువగా ఉందని, మాత్రలు వేసుకోమని, ఒంటరిగా నీళ్ల మీదకు పోవడం ఇక మానుకోమని చెప్పింది. కూతురు వసంతి క్లాంగ్‌లో సరుకు రవాణా కంపెనీలో పని చేస్తుంది. ఫోనులో ఆ పిల్ల వేసిన కేకలు పక్కింటికి వినబడ్డాయి. రాసమ్మ మాత్రం మాత్రలు ఏ పూటకు ఏవో వేరుచేసి పెట్టింది, చప్పటి పులుసు కాచింది.

కాస్త ఓపిక రాగానే అప్పడు వల ముందేసుకుని కూర్చున్నాడు.

"సోమారం ఎల్తాను," అన్నాడు, పెళ్లాం వంక చూడకుండా. "నా పడవ. నా సముద్రం. కూకుంటే మనిషి కుళ్లిపోతాడు."

రాసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపలేదు. "ఆదివారం వసంతిని రమ్మన్నాను. పేక తీస్తాను," అంది.

అప్పడి చెయ్యి వల మీద ఆగిపోయింది.

"నువ్వోడితే పడవ హరున్ కొడుక్కి ఇచ్చియ్యాల. ఆడు కొంటానని అడుగుతున్నాడు. నానోడితే మరి ఆ మాటెత్తను. నువ్వు ఎంత దూరమెల్లినా ఎత్తను."

కాదనడానికి లేదు. చట్టం ఇద్దరిదీ. కాదంటే ఆ మేనత్త విషయం నుంచి మొదలుపెట్టి అన్నీ తిరగదోడుకోవాలి. ఆదివారం దాకా ఉన్న రెండు రోజులూ అప్పడు పడవ దగ్గరికి పోయి కూర్చున్నాడు. పెళ్లైన మరుసటేడు కొన్న పాత పడవ పోయి, ఇది మూడోది. చేతికి పడవ ఉన్నంత కాలం అప్పడంటే అప్పడు. లేకపోతే జెట్టీలో బెంచీ మీద కూర్చుని పోయేవచ్చే పడవలకు సలహాలిచ్చే ముసలాళ్లలో ఇంకో ముసలాడు. వాళ్లను చూస్తేనే ఆయనకు ఒళ్లు మండుతుంది. ఆ బెంచీకీ తనకూ మధ్య ఉన్నది ఇప్పుడు ఒక్క పేకాట. అవతల కూర్చునేది ఆ మొదటి పూట తప్ప ఎన్నడూ ఓడని మనిషి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చాప పరిచారు. ముక్కలు పంచే పని వసంతికి అప్పగించారు. డబ్బాలో పిక్కలు చెరిసగం పోసుకున్నారు. ఎవరి పిక్కలు ముందు అయిపోతే వాళ్లు ఓడినట్టు.

"అమ్మా, ఇది విళయాట్టు కాదు లా," అంది వసంతి. ఆ పిల్లకు తెలుగు అర్థమవుతుంది గానీ నోరు తిరగదు, మాటకు మాట మధ్య తమిళం దూరుతుంది, ఆటను విళయాట్టు అంటుంది. "డాక్టర్ సెప్పింది కదా. మళ్లీ కార్డ్స్ ఎందుకు?"

"డాక్టరమ్మ మాట మీ నాయిన ఇనడు. పేక మాటింటాడు. పంచు," అంది రాసమ్మ.

మొదటి ఆటలు ఎప్పటిలాగే నడిచాయి. అప్పడికి రాజుల జత పడింది, లుంగీ సర్దుకున్నాడు, రాసమ్మ ముక్కలు పడేసింది. తరవాత ఆయనకు ఏమీ పడలేదు, ఉక్రోషంగా పిక్కలు తోశాడు, ఆమె చూపించమంది. పోయాయి. పోయినవాటి కోసం మళ్లీ తోశాడు. మళ్లీ పోయాయి. చెవులు వేడెక్కాయి.

"ఏటలా పంచుతున్నావు నువ్వు?" అని కూతురి మీద గయ్యిమన్నాడు.

రాసమ్మ నోరు తెరవబోయేలోగా తనే లేచాడు. పెరట్లోకి పోయి మొహం కడుక్కున్నాడు. ఎవరూ చెప్పకుండా ఆయన ఆ పని చెయ్యడం అదే మొదలు. నీళ్లు గడ్డం మీంచి కారుతుంటే అక్కడే నిలబడి ఆలోచించాడు. నదీ ముఖం దగ్గర ఇంజిను ఆగినప్పుడు తను ఏం చేస్తాడు? ఇంజిన్ని తిట్టడు. ఆగిపోయిన దాని గురించి ఏడవడు. నీరు ఎటు పోతోందో చూస్తాడు, చేతిలో ఏముందో చూస్తాడు, ఒక్కో పనీ చేస్తాడు. మరి ఆ బుద్ధి చాప మీద కూర్చోగానే ఏ గంగలో కలుస్తోంది? పెళ్లాం ముందు ఓడిపోతానన్న ఉడుకుమోత్తనం, అంతే. అప్పడికి తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వాక తల తేలికైంది.

వచ్చి కూర్చుని మరో మనిషిలా ఆడాడు. చెడ్డ ముక్కలు వస్తే చూసి, కింద పెట్టేశాడు. మళ్లీ చెడ్డవే వస్తే మళ్లీ పెట్టేశాడు. సిగ్గు పడలేదు. మంచివి వచ్చినప్పుడు కూడా లుంగీ జోలికి పోకుండా చేతులు మోకాళ్ల మీదే ఉంచుకున్నాడు. పిక్కలు ఒకటీ అరా తిరిగి రాసాగాయి. వసంతి తండ్రి వంక వింతగా చూసింది.

అలా తల చల్లబడ్డాక గానీ అప్పడికి ఒక సంగతి కనబడలేదు. రాసమ్మ ముక్కలు పడెయ్యడం లేదు.

మొదట ఆమెకు అదృష్టం పట్టిందనుకున్నాడు. కానీ చూపించిన ప్రతిసారీ చేతిలో ఉన్నది చిన్న జతో, అదీ లేకపోతే ఒంటి ఆసో. ఇదివరకైతే అలాంటి వాటిని రెప్ప వెయ్యకుండా పడేసి ఉండేది. ఇవాళ ప్రతి ఆటలోనూ ఉంటోంది. పోయిన పిక్కల వెంట పోతోంది. నలభై ఏళ్లుగా ఏం చెయ్యొద్దని మొగుడికి చెబుతూ వచ్చిందో సరిగ్గా అదే చేస్తోంది. మొహం మాత్రం అదే మొహం. కూర ఉప్పు చూస్తున్న మొహం. అప్పడు ఆ మొహంలో ఏదైనా దొరుకుతుందేమోనని రెండు మూడు సార్లు చూసి, లాభం లేదని ముక్కల వంకే చూసుకున్నాడు.

ఎండ గుమ్మంలోంచి జరిగిపోయేసరికి ఇద్దరి ముందూ పిక్కలు సమానంగా ఉన్నాయి. వసంతి మళ్లీ పంచింది. అప్పడికి రాజులు రెండు, ఎనిమిదులు రెండు పడ్డాయి, అయిదోది కళావరు మూడు. ఒక్క ముక్క మార్చుకున్నాడు, జాకీ వచ్చింది, కలవలేదు. రాసమ్మ మూడు ముక్కలు మార్చుకుంది. వాటిని ఎత్తి చూసింది. చూసి, పిక్కలను లెక్కపెట్టకుండా రెండు అరచేతులతో మొత్తం కుప్పను చాప మధ్యకు తోసేసింది.

"అమ్మా," అంది వసంతి.

రాసమ్మ చేతులు ఒళ్లోకి తీసుకుంది.

పాత అప్పడైతే రెండే చేసేవాడు. భయపడి పడేసేవాడు, లేదా కోపం వచ్చి తోసేవాడు. ఇవాళ ఆ రెంటి జోలికీ పోలేదు. ఊపిరి పీల్చుకుని కూర్చున్నాడు. మూడు మార్చిందంటే మొదట చేతిలో ఉన్నది ఒక్క జత. ఆ జతకు మూడోది తోడు రావడం ఎప్పుడో గానీ జరగదు. పోనీ వచ్చిందే అనుకుందాం. మంచి ముక్క పడినప్పుడు రాసమ్మ ఇలా తోస్తుందా? తొయ్యదు. రెండు పిక్కలు పెట్టి, నిద్రొస్తున్నట్టు కూర్చుని, తనను లోపలికి రానిస్తుంది. అలా ఎన్నిసార్లు పోయాడో. అంటే ఇది బెదిరింపు. నన్ను పడేయమంటోంది. ఆ మాటకొస్తే బతిమాలుతోంది. ఆ ఆఖరి మాట మనసులోకి ఎలా వచ్చిందో అప్పడికే తెలియలేదు, దాని దగ్గర ఆగనూ లేదు.

తన పిక్కలన్నీ మధ్యకు తోశాడు. "సూపించు," అన్నాడు.

రాసమ్మ ముక్కలు తిరగేసింది. ఆరుల జత. తక్కినవి చెత్త.

అప్పడు రాజులూ ఎనిమిదులూ పరిచాడు. వసంతి కళ్లు తుడుచుకుంటూ లేచి ముందుగదిలోకి పోయింది. రాసమ్మ ముక్కలన్నీ పోగుచేసి, అంచులు సరిచేసి కట్టగా పెట్టింది.

"బాగా ఆడినావు," అంది. "సోమారం ఏ ఏలకి లెగాల?"

ఎగతాళి కాదు. నిష్ఠూరం కాదు. మాట అంటే మాట. లేచి వంటింట్లోకి పోయింది.

అప్పడు గెలిచాడు. గెలిచినవాడు జెట్టీకి పోవాలి, పోయాడు. పడవ అంచు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. బెంచీ మీది ముసలాళ్లు పలకరిస్తే గర్వంగా తల ఊపాడు. తన జీవితంలో అంత నిబ్బరంగా ఆడిన ఆట లేదు. ఎక్కడా కోపం లేదు, కంగారు లేదు, ప్రతి ముక్కా ఆలోచించి వేశాడు. తన తెలివికి తనే మురిసిపోతూ ఆ ఆఖరి ఆటను మొదటి నుంచి మళ్లీ మనసులో ఆడుకున్నాడు. ఆరుల జత దగ్గరికి వచ్చేసరికి మురిపెం ఆగిపోయింది.

ఆరుల జత మీద అన్నీ తోస్తుందా రాసమ్మ?

ఇంటి రంగు కోసం తొయ్యలేదు. బడి కోసం తొయ్యలేదు. మేనత్తతో అంత పౌరుషం ఉండి కూడా, ఆవిడ విషయంలో రాణుల జత చేతిలో పెట్టుకుని పడేసింది, అప్పడికి బాగా గుర్తు. మనిషికి నిబ్బరం చేత కాకపోతే అదొక సంగతి. నిబ్బరం తప్ప మరొకటి చేత కాని మనిషి ఇవాళ మధ్యాహ్నం నుంచీ ఆట తెలియని పిల్లలా ఆడింది. ఎందుకు ఆడింది? తల పనిచెయ్యలేదు. ఎందుకు పనిచెయ్యలేదు? పందెం మీద తను ఉన్నాడు.

అప్పడు ముసలాళ్లున్నారని కూడా చూడకుండా ఆ బెంచీ మీదే చతికిలబడ్డాడు. నలభై ఏళ్లు మొహం వంక చూస్తూ కూర్చున్నాను, ఆట వంక చూసుకోవాల్సింది కదా అనుకున్నాడు. సిగ్గు మాలిన సంతోషం ఒకటి తన్నుకొచ్చింది. దాని వెంటే ఏడుపూ వచ్చింది. అప్పడిది దాచుకోలేని మొహం కాబట్టి ముసలాళ్లు గాభరా పడి నీళ్లు తెచ్చారు.

ఇంటికి వచ్చేసరికి రాసమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని చేప తోముతోంది. అప్పడు గుమ్మంలో నిలబడ్డాడు.

"రాసీ," అన్నాడు. "నీకు బయ్యమేసిందా?"

ఆమె తల ఎత్తలేదు. చేపను తిప్పి రెండో వైపు పొలుసు గీసింది. "ఆరుల జత మీద అన్నీ తోసినాను. మరింకేటి సెప్పాల నీకు."

అప్పడు వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. మోకాళ్లు పట్టేసినా కూర్చున్నాడు.

"పడవ హరున్ కొడుక్కి ఇచ్చిద్దాం," అన్నాడు.

"అదెలగ? గెలిసినోడివి నువ్వు. నాను ఓడినాను. మరి ఆ మాట నానెత్తకూడదు."

"నువ్వెత్తనేదు. నానెత్తినాను. గెలిసినోడి ఇష్టమా కాదా?"

రాసమ్మ ఆ ముక్కను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసినట్టుంది. చట్టంలో దానికి అడ్డు లేదు. "బెంచీ మీద కూకుని ఆళ్లకీ ఈళ్లకీ బుద్ధులు సెప్తావు మరి," అంది.

"సెప్తాను. ఇందాకే కూకున్నాను. అంత సెడ్డగా ఏటీ నేదు."

చేప కడగడం అయింది. ఆమె చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. ఒక చెయ్యి తెచ్చి మొగుడి మోకాలి మీద పెట్టింది. చేపవాసన చెయ్యి.

"అయితే రేపు నన్ను లేపకు," అంది. "తెల్లారిందాకా తొంగుంటాను."

"రోజూ తొంగుంటావు కదే. నానెల్లగానే దీపం ఆర్పేస్తావు, సందు సివరనించి సూసినాను."

"దీపం ఆర్పీసి సీకట్లో కూకునేదాన్ని. దీపముంటే ఎందుకు కూకున్నావని ఎవులన్నా అడుగుతారు. నీ ఇంజిను సప్పుడు తిరిగొచ్చిందాకా కూకునేదాన్ని. నానెప్పుడూ తొంగోనేదు."

అప్పడు ఆ చేపవాసన చేతిని రెండు చేతులతో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముందుగదిలోంచి వసంతి వచ్చి గుమ్మంలోంచి చూసి వెనక్కి పోయింది.

మర్నాడు పోటు వేళకు పడవలన్నీ ఒకటొకటిగా నది మీదకు వెళ్లిపోయాయి. ఆ చప్పుళ్లకు అప్పడికి అలవాటు ప్రకారం మెలకువ వచ్చింది. పక్కన రాసమ్మ నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఎండ కిటికీలోంచి మంచం మీదకు వచ్చినా ఆమె లేవలేదు. అప్పడు కిటికీకి తన లుంగీ ఒకటి అడ్డం కట్టి, చప్పుడు కాకుండా వంటింట్లోకి పోయి టీకి నీళ్లు పెట్టాడు.